ముందు చేతులు, తర్వాతే పిల్లులు: విజయవాడలో వాలంటీర్లతో పిల్లుల ఆశ్రయం నడపడం ఎలా

వారానికి రెండు రకాల ఫోన్లు వస్తాయి. ఒకటి, "మేడమ్, షట్టర్ కింద నాలుగు కూనలున్నాయి, వచ్చి తీసుకెళ్ళండి." రెండోది కాస్త తగ్గిన గొంతుతో, "అమ్మని డల్లాస్ తీసుకెళ్తున్నామండీ. పిల్లికి పదమూడేళ్ళు. ఇల్లు అద్దెకిచ్చేస్తున్నాం..." మా ఊళ్ళో ముసలి పిల్లులు వీధిన పడేది చాలావరకు ఈ రెండో దారిలోనే. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో స్థిరపడ్డాక పెద్దవాళ్ళకి తోడుగా పెరిగిన పిల్లి, వాళ్ళు కూడా వెళ్ళిపోయే రోజు వచ్చేసరికి ఎవరికీ చెందకుండా మిగిలిపోతుంది.

సత్యనారాయణపురంలో ఒక పాత డాబా ఇంటి పై అంతస్తులో మేం కొందరం ఇలాంటి పిల్లుల్ని చూసుకుంటున్నాం. ఇప్పుడు 22 ఉన్నాయి. వాటిలో తొమ్మిదింటికి పదేళ్ళు దాటాయి. మీరూ మొదలుపెట్టాలనుకుంటే, మేం దెబ్బలు తిని నేర్చుకున్నదంతా వరసగా చెబుతాను.

మొదటి పని: లెక్క

అందరూ ముందు ఇల్లు వెతుకుతారు. మేమూ అదే చేశాం. అది తప్పు. ముందు మనుషుల్ని లెక్కపెట్టాలి.

షెల్టర్లు నడిపేవాళ్ళు చాలాకాలంగా వాడుతున్న లెక్క ఒకటుంది. ఒక జంతువుకి రోజుకి కనీసం 15 నిమిషాలు పడుతుంది, శుభ్రం చెయ్యడానికి 9, తిండి పెట్టడానికి 6. మందులు, ముద్దు, డాక్టర్ దగ్గరికి తిప్పడం ఇందులో లేవు. 22 పిల్లులంటే 330 నిమిషాలు, అంటే అయిదున్నర గంటలు. ప్రతిరోజూ. ఆదివారమూ, దీపావళీ, మీ ఇంట్లో పెళ్ళీ అన్నీ కలిపి. ముసలి పిల్లికైతే దీనికి రెట్టింపు వేసుకోండి.

తర్వాత స్థలం. గుంపుగా ఉంచే గదిలో ఒక్కో పెద్ద పిల్లికి 18 చదరపు అడుగులు కావాలని షెల్టర్ పశువైద్యుల మార్గదర్శకాలు చెబుతాయి. పదికి పన్నెండు గదిలో ఆరు. "పిల్లే కదా, మూల సర్దుకుంటుంది" అని పన్నెండు పెడితే అవి సర్దుకోవు. కొన్ని మంచం కింద దాక్కుని తిండి మానేస్తాయి, కొన్ని గోడల మీద ఉచ్చపోస్తాయి, ఒకదానికి జలుబు చేస్తే వారంలో అన్నీ తుమ్ముతాయి.

చేతుల లెక్క ఒక అంకె ఇస్తుంది, స్థలం లెక్క ఇంకో అంకె ఇస్తుంది. రెండిట్లో చిన్నదే మీ పరిమితి. దాన్ని కాగితం మీద రాసి తలుపు లోపలివైపు అంటించండి. మా తలుపు మీద 22 అని ఉంది. 23వ పిల్లి తలుపు దగ్గర అరుస్తున్న రోజున మీ మనసు ఏమంటుందో నాకు తెలుసు. అందుకే అంకెను ముందే, మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడు రాసుకోవాలి.

ఇల్లు

పిల్లి తన కూనల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. మేం పిల్లుల్నే మూడిళ్ళు తిప్పాం. మొదటి ఇంటాయనకి "ఒకటో రెండో ఉన్నాయండీ" అని చెప్పి దిగాం. మూడో నెలలో ఖాళీ చెయ్యమన్నాడు. తప్పు ఆయనది కాదు. ఓనరుకి ఎన్ని పిల్లులో ఉన్నదున్నట్టు చెప్పండి, ఆ సంఖ్యను పదకొండు నెలల అగ్రిమెంటులో రాయించండి. పొద్దున్నే పిల్లి ఎదురొస్తే చెప్పులు విడిచి కూర్చునే మనుషులు ఇంకా ఉన్నారు కాబట్టి, పక్కింటివాళ్ళతో కూడా ముందే ఒకమాట మాట్లాడండి. వాసన రాకుండా చూసుకుంటే వాళ్ళ అభ్యంతరాల్లో ముప్పాతిక భాగం పోతుంది.

కింది అంతస్తు వద్దు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, అక్కడ పిల్లుల్ని సాకే మా స్నేహితురాలు మెడలోతు నీళ్ళలో అయిదింటిని డాబా మీదికి చేర్చింది. కారియర్లు రెండే ఉన్నాయి. మిగతా మూడిటిని దిండు గలీబుల్లో వేసి మూతి ముడేసి ఎక్కించింది. ఆ రోజు నుంచి మా దగ్గర ఎన్ని పిల్లులో అన్ని బుట్టలు ఉంటాయి. ప్లాస్టిక్ కూరగాయల క్రేట్లు రెండు బోర్లించి తాళ్ళతో బిగించినా బుట్టే. అన్నిటికీ కొత్త కారియర్లు కొనక్కర్లేదు.

కనీసం మూడు గదులు విడిగా ఉండాలి. కొత్తగా వచ్చినవాటికి ఒకటి, ముసలివాటికి ఒకటి, మిగతావాటికి ఒకటి. బయటి తలుపుకి లోపల ఇంకో జాలీ తలుపు పెట్టించండి. ఒకటి మూశాకే రెండోది తియ్యాలి. కిటికీలకి దోమల మెష్ చాలదు, గోళ్ళతో చించేస్తాయి. వెల్డ్‌మెష్ బిగించండి.

ఇక ఎండ. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్నది బెజవాడ డాబా మీద నిలబడ్డవాడికి సామెతలా అనిపించదు. శ్లాబు మీద తెల్ల కూల్ పెయింట్ వేయించాం, కిటికీలకి వట్టివేళ్ళ తడకలు కట్టి రెండు పూటలా తడుపుతాం. కరెంటు పోయినా కూలరు, ఫ్యాను ఆగకుండా ఉండేంత పెద్ద ఇన్వర్టరు మా మొదటి పెద్ద ఖర్చు. నీళ్ళకి మట్టి మూకుళ్ళు వాడతాం, గదికి మూడు, వేరువేరు మూలల్లో. కుక్క నాలుక చాపి రొప్పడం మామూలే. పిల్లి నోరు తెరిచి రొప్పిందంటే ప్రమాదం. మామూలు కుళాయి నీళ్ళతో ఒళ్ళు తడిపి, ఫ్యాను కింద పెట్టి, వెంటనే డాక్టర్ దగ్గరికి బయల్దేరాలి. ఐసు నీళ్ళు పొయ్యకండి.

లోపలికి ఎవరు

వీధిలో ఆరోగ్యంగా, మనిషి దగ్గరికి రాకుండా తిరిగే పెద్ద పిల్లికి ఆశ్రయం అక్కర్లేదు. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, గుర్తుగా ఎడమ చెవి కొస కత్తిరించి, పట్టుకున్న చోటే వదలాలి. ఆడపిల్లి నాలుగైదు నెలలకే కట్టగలదు, 63 నుంచి 65 రోజుల్లో ఈనేస్తుంది. ఆ వీధిలో ఆపరేషన్లు చేయించకుండా కూనల్ని ఏరుకొచ్చుకోవడం కుళాయి కట్టకుండా నేల తుడవడమే. మనం చేర్చుకోవాల్సింది ఇంట్లో పెరిగి వీధిన పడ్డవాటిని, ముసలివాటిని, గుడ్డివాటిని, తల్లి లేని పసికూనల్ని.

ఎవరొచ్చినా ముందు 14 రోజులు క్వారంటైన్. ఈ ఒక్క నియమం దగ్గర నేను ఎవరి మాటా వినను. ఎందుకంటే ఒకసారి విన్నాను. రాత్రి పదిన్నరకి ఒక కాలేజీ కుర్రాడు వానలో తడిసిన కూనని తెచ్చి ఏడుస్తుంటే, "ఒక్క రాత్రికే కదా" అని కూనల గదిలో పెట్టాను. నాలుగోరోజున అది వాంతులు చేసుకుంది. పదోరోజుకి అయిదు కూనలు పోయాయి. పాన్‌ల్యూకోపీనియా. టీకా పడని కూనల్ని ఊడ్చేసే ఈ వైరస్ గదిలో ఏడాది దాకా బతికి ఉండగలదు. మీ చెప్పులతో, చీపురుతో, చీర కుచ్చిళ్ళతో గదులు మారుతుంది. అందుకే క్వారంటైన్ గదికి వేరే చెప్పులు, వేరే చీపురు, వేరే గిన్నెలు. రోజులో ఆ గది పని అన్నిటికన్నా చివర.

టీకాలు ఇలా: మూడు జబ్బులకి కలిపి ఇచ్చే టీకా కూనలకి 6–8 వారాల వయసులో మొదలై, 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి పడాలి. రేబీస్ టీకా మూడో నెల దాటాక. పెద్దవాటికి డాక్టర్ చెప్పిన గడువులో. పిల్లి నుంచి పిల్లికి అంటుకునే ల్యుకీమియా, ఎఫ్‌ఐవీ వైరస్‌ల పరీక్ష చేయించకుండా గుంపులో కలపొద్దు. పెద్ద కేసులకి మేం గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్తాం. మామూలువాటికి దగ్గర్లో పిల్లుల్ని చూడటం అలవాటున్న డాక్టర్ ఒకరిని పట్టుకుని వదలకండి. గేదెల్లో ఎంత దిట్టయినా పిల్లిని పట్టుకోవడం రానివాళ్ళున్నారు.

ఫినాయిల్ బయట పెట్టండి

కొత్తగా పనికొచ్చే అక్కలు మొదట అడిగేది ఫినాయిలే. మన ఇళ్ళలో శుభ్రానికి వాసన అదే మరి. కానీ ఫినాల్ లాంటివాటిని విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. నేల మీద నడిచి, పాదాలు నాకి, ఒంట్లోకి తెచ్చుకుంటుంది. కలరా ఉండలూ వద్దు. అదే కారణంతో పారాసెటమాల్ కూడా పిల్లికి విషం, ఒక్క మాత్ర చాలు ప్రాణం తియ్యడానికి. "జ్వరంగా ఉంది కదా అని సగం వేశానండీ" అని ఫోన్ చేసినవాళ్ళున్నారు. కుక్కలకి పేల కోసం వేసే పెర్మెత్రిన్ చుక్కలూ అంతే.

మరి దేనితో కడగాలి? ముందు సబ్బు నీళ్ళతో మురికంతా పోవాలి, మురికి మీద బ్లీచ్ పనిచెయ్యదు. తర్వాత ఆ బ్లీచ్, అంటే 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం, లీటరు నీళ్ళకి 30 మిల్లీలీటర్లు కలిపి నేలంతా పరిచి, పది నిమిషాలు తడిగా ఉంచి, మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. ఆరేదాకా పిల్లి ఆ గదిలోకి రాకూడదు. దీన్ని బాత్రూం కడిగే యాసిడ్‌తో ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

పిల్లులు మలమూత్రాలకి వాడే ట్రేల్లో పొయ్యడానికి లిట్టరు సంచులు కొంటే మా జేబుకి ఆగలేదు. రంపపు పొట్టు టింబరు డిపోల్లో చవగ్గా దొరుకుతుంది. దాన్ని జల్లెడ పట్టి సన్న పొడి తీసేసి వాడతాం, లేకపోతే తుమ్ములు. ఊక తేలిక, ఫ్యాను గాలికి ఇల్లంతా ఎగురుతుంది. ఇసుక మంచిదే గానీ బరువు, రెండో అంతస్తుకి మొయ్యాలి. ట్రేలు పిల్లుల సంఖ్య కన్నా ఒకటి ఎక్కువ ఉండాలి. రోజుకి రెండుసార్లు మలం తియ్యాలి. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉంటే అది అంటుకునే దశకి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది కాబట్టి, రోజూ తీసే చోట భయం తక్కువ. అయినా గర్భిణులకి ట్రేల పని ఇవ్వకండి.

తిండి

పెరుగన్నంతో పెరిగిన పిల్లి పదేళ్ళు బతికిందని మీ అమ్మమ్మ చెప్పి ఉంటుంది. అది బయటికెళ్ళి ఎలకల్ని తినేది, అందుకే బతికింది. మనం గదిలో పెట్టిన పిల్లికి ఎలకలు దొరకవు. దానికి టారిన్ అనే పోషకం మాంసం నుంచే అందాలి. అందకపోతే కళ్ళు పోతాయి, గుండె కండరం చచ్చుబడుతుంది. ఉడికించిన చికెన్ ఒక్కటే పెడితే కాల్షియం చాలదు. అందుకని మా పద్ధతి ఇది: పొద్దున సంపూర్ణ ఆహారమని రాసున్న డ్రై ఫుడ్, సాయంత్రం కొద్దిగా ఉడికించిన చికెన్ లేదా చేప, ఉడికిన నీళ్ళతో సహా. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ పడకూడదు. చేపల కొట్లో శీలావతి, బొచ్చె తలకాయలు చవగ్గా ఇస్తారు. ఉడికించి, ముళ్ళు చేత్తో వెతికి తియ్యాలి. పచ్చివి పెట్టకండి. పాలు చాలా పెద్ద పిల్లులకి అరగవు.

నాలుగు కిలోల పిల్లి డ్రై ఫుడ్ మీదే బతికితే రోజుకి సుమారు 60 గ్రాములు తింటుంది. 20 పిల్లులకి 1.2 కిలోలు, నెలకి 36 కిలోలు. దాతలు "ఏం కావాలి" అని అడిగితే ఈ అంకె చెప్పండి. "మీకు తోచింది" అంటే బిస్కెట్ ప్యాకెట్లు వస్తాయి.

ముసలివాళ్ళ గది

పిల్లికి పది పదకొండేళ్ళు దాటితే ముసలితనం. పదిహేను దాటితే పండు ముసలి. నొప్పిని దాచుకోవడంలో పిల్లిని మించిన జీవి లేదు. అది అరిచేసరికి జబ్బు బాగా ముదిరి ఉంటుంది. కాబట్టి మనం దాని నోటి మాట కోసం చూడకుండా కాటా మాట వినాలి.

చంటిపిల్లల్ని తూచే డిజిటల్ కాటా ఒకటి కొనండి, పది గ్రాముల తేడా చూపించేది. ప్రతి ఆదివారం ముసలివాళ్ళందరినీ తూచి పుస్తకంలో రాస్తాం. నాలుగు కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గితే ఒంట్లో పదో వంతు పోయినట్టు. బొచ్చు మీద మన కంటికి అది ఆనదు. బాగా తింటూ తగ్గుతుంటే థైరాయిడో షుగరో అనుమానించాలి. నీళ్ళు ఎక్కువ తాగి, ట్రే ఎక్కువ తడుపుతుంటే కిడ్నీ. రెండుమూడు రోజులు అసలు ముద్ద ముట్టకపోతే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికొస్తుంది, కాబట్టి "రేపు చూద్దాం" పనికిరాదు. గండుపిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతూ చుక్క రాకపోతే అది అర్ధరాత్రయినా డాక్టర్ని లేపాల్సిన పని.

కిడ్నీ పిల్లులకి చర్మం కింద సెలైన్ ఎక్కించడం మా వాళ్ళలో నలుగురు నేర్చుకున్నారు. ఎంత, ఎన్ని రోజులకోసారి అన్నది డాక్టర్ రాసి ఇవ్వాలి. చెయ్యి తిరిగేదాకా డాక్టర్ ముందే చెయ్యాలి. బాటిల్‌ని గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచితే పిల్లి కదలకుండా కూర్చుంటుంది. రైల్వేలో రిటైరైన మా పెద్దాయన ఒకరికి మొదట సూది చూస్తేనే కళ్ళు తిరిగేవి. ఇప్పుడు ఆయన చేతిలో తప్ప వేరేవాళ్ళ చేతిలో కూర్చోనని ఒక నల్లపిల్లి మొండికేస్తుంది.

కీళ్ళ నొప్పులున్నవాటికి మామూలు ట్రే గట్టు ఎక్కడమే కష్టం. సిమెంటు గమేళాకి ఒకవైపు అంచు కోసి, కోసిన చోట టేపు చుట్టి వాడతాం. మంచం పక్కన మెట్టుగా ఒక పీట. తిండి గిన్నె ఇటుక మీద, మెడ వంచక్కర్లేకుండా. పాత చీరల బొంతలు, చలికాలం రాత్రిళ్ళు వాటి కింద గుడ్డ చుట్టిన వేణ్ణీళ్ళ సీసా. ముసలివి గోళ్ళు గీరుకోవు. అవి వంకరపోయి అరికాల్లోకి దిగబడతాయి, పదిహేను రోజులకోసారి కత్తిరించాలి. చెవుడొచ్చినదాన్ని వెనకనుంచి ముట్టుకోకుండా నేల మీద కాలు తట్టి దగ్గరికెళ్ళండి. కూనల్ని మాత్రం ఈ గదిలోకి వదలకండి, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ ముసలివాళ్ళకి నరకం.

చివరి రోజు గురించి కూడా ముందే మాట్లాడుకోవాలి. తినడం, శుభ్రం చేసుకోవడం, తనకిష్టమైన చోట కూర్చోవడం, ఈ మూడూ మానేసిన పిల్లిని ఇంకా లాగాలా అన్నది డాక్టర్, రోజూ చూసే ఇద్దరు వాలంటీర్లు కలిసి తేలుస్తారు. గ్రూపులో ఓటింగ్ పెట్టం. ఒకసారి పెట్టాం, రెండు రోజులు వాదించుకున్నాం, ఆ రెండు రోజులూ అది నొప్పితో పడుంది.

మనుషులు

మా ఊళ్ళో "వాలంటీర్ కావాలి" అని పోస్టరు వేస్తే, "పింఛను పని మళ్ళీ మొదలైందా, జీతమెంత?" అని అడిగారు. 2019 తర్వాత ఆ మాటకి ఆంధ్రలో వేరే అర్థం వచ్చేసింది. మేం "పిల్లుల దగ్గర వారానికి రెండు గంటలు, జీతం లేదు" అని రాయడం మొదలుపెట్టాం. తక్కువమందే వచ్చారు గానీ నిలబడ్డారు.

మా గ్రూపులో 31 మంది ఉన్నారు. పనికి వచ్చేది 14 మంది. విద్యార్థులు ఉత్సాహంగా వస్తారు, సెమిస్టర్ పరీక్షలకి మాయమవుతారు. సంక్రాంతికి ఊరే ఖాళీ అవుతుంది. గృహిణులు, రిటైరైనవాళ్ళు మాట ఇస్తే వస్తారు. కాబట్టి పొద్దున 6 నుంచి 9 షిఫ్టు రెండో రకంవాళ్ళకి, సాయంత్రం విద్యార్థులకి. డిసెంబరు మొదట్లోనే సంక్రాంతి నాలుగురోజులకి పేర్లు రాయించుకుంటాం. పండగ లేని స్నేహితులే అప్పుడు మా దేవుళ్ళు. వారానికి ఏడు పొద్దుట షిఫ్టులూ వాలంటీర్లతో నింపగలమనుకోకండి. మేం ఒక అక్కకి జీతమిచ్చి పెట్టుకున్నాం, మిగతా అందరం ఆవిడ చుట్టూ సర్దుకుంటాం.

కొత్తవాళ్ళు మొదటి మూడుసార్లు ట్రేలు, గిన్నెలే చెయ్యాలి. పిల్లుల్ని ఎత్తుకోవడం నాలుగోసారి నుంచి. సెల్ఫీల కోసం వచ్చినవాళ్ళు రెండోసారికే తేలిపోతారు. రోజూ చేతులతో పిల్లుల్ని పట్టుకునేవాళ్ళు ముందస్తు రేబీస్ టీకా వేయించుకోవాలి: 0, 7, తర్వాత 21 లేదా 28వ రోజున. కరిచినా, రక్తం వచ్చేలా గీరినా కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి. పసుపు, కారం పెట్టొద్దు. పిల్లి పంటి గాటు పైకి సూదిమొనంతే కనిపిస్తుంది, లోపల చీము పడుతుంది.

కాగితాలు, డబ్బు

ఏడుగురు సభ్యులుంటే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద సొసైటీ నమోదు చేసుకోవచ్చు. బ్యాంకు ఖాతా, క్యూఆర్ కోడ్ సొసైటీ పేరు మీదే ఉండాలి. ఎంత మంచివాళ్ళయినా ఒకరి సొంత ఫోన్‌కి డబ్బులొస్తే ఏడాదిలో స్నేహాలు చెడతాయి. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 80జీ గుర్తింపు తెచ్చుకుంటే, పాత పన్ను విధానంలో ఉన్న దాతకి పన్ను మినహాయింపు ఉంటుంది, 2000 రూపాయలు దాటిన నగదుకి మాత్రం అది వర్తించదు.

మన ప్రాంతంలో అందరూ జారిపడే చోటు ఇంకొకటి. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ప్రతి వీధికీ అమెరికాలో ఒకరుంటారు, వాళ్ళకి మనసూ ఉంటుంది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారి దగ్గర డబ్బు తీసుకోవాలంటే మాత్రం ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉండాలి, వాళ్ళకి భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డున్నా సరే. "మా బాబాయి కొడుకే కదా" అన్నది చట్టానికి పట్టదు. పంపేముందే పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి.

ఒద్దని చెప్పడం

తలుపు మీది అంకె నిండాక వచ్చే ఫోనుకి ఏం చెప్పాలో రాసిపెట్టుకోండి, లేకపోతే నోరు "సరే" అనేస్తుంది. పెంపుడు పిల్లిని వదిలేయడం జంతు హింస నిరోధక చట్టం 1960 ప్రకారం నేరమే. కానీ మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు, కాబట్టి చట్టంతో భయపెట్టి లాభం లేదు. మేం ముందు కొత్త ఇల్లు దొరికేదాకా పిల్లిని వాళ్ళ దగ్గరే ఉంచమని, ఫోటో, కథ, మందుల వివరాలు మేం తిప్పుతామని అడుగుతాం. ముసలి పిల్లులకి "ఒడి మీది, మందులు మావి" అనే ఏర్పాటు ఉంది. పెంచేవాళ్ళు ప్రేమ, తిండి చూసుకుంటారు, డాక్టర్ ఖర్చు సొసైటీది. పన్నెండేళ్ళు దాటిన నాలుగు పిల్లులు అలాగే ఇళ్ళు చేరాయి. ఫ్లాటు వాళ్ళకి ఇచ్చేముందు బాల్కనీకి వల కట్టారా లేదా కళ్ళతో చూసి రండి.

డల్లాస్ ఫోనుకి మాత్రం నా మొదటి ప్రశ్న వేరు: "పిల్లిని కూడా తీసుకెళ్ళొచ్చు కదండీ?" చాలామందికి అది సాధ్యమనే తెలియదు. మన దేశం నుంచి పిల్లిని పంపడానికి కేంద్ర జంతు క్వారంటైన్ కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం కావాలి, దాని శాఖ ఒకటి హైదరాబాద్‌లో ఉంది. అమెరికా కేంద్ర ప్రభుత్వం పిల్లులకి రేబీస్ టీకా సర్టిఫికెట్ తప్పనిసరి చెయ్యలేదు గానీ, విమాన సంస్థలు, కొన్ని రాష్ట్రాలు అడుగుతాయి. కాబట్టి టీకా వేయించి, డాక్టర్ చేత ఆరోగ్య పత్రం రాయించుకుని, టికెట్ కొనేముందే విమాన సంస్థకి ఫోన్ చెయ్యమంటాను. ఈ వివరాలన్నీ ఒక పేజీలో టైప్ చేసి వాట్సాప్‌లో పంపడానికి సిద్ధంగా ఉంచాం. పోయిన వేసవిలో అది చదివి ఒకమ్మాయి తిరిగి ఫోన్ చేసింది. ఒకటే అడిగింది, విమానంలో అమ్మ ఒళ్ళో పెట్టుకోనిస్తారా అని. బుట్ట సీటు కింద పెట్టాలని చెప్పాను.